నడిబొడ్డు విందు

మొదటి నమోదు

నీ ఓటుతో సభకెక్కినవాడు నిన్న మధ్యాహ్నం ఎవరి అన్నం తిన్నాడో చెప్పగలవా? తెలియదు కదూ. నాకూ తెలియదు. ఇవాళ్టి నుంచి అది తెలుసుకోవడమే నా పని.

ప్రజాసాక్షి చీటీ నా పేరున పడింది. నీతి సంఘంలో నలుగురు చదువుకున్నవాళ్లతో పాటు చీటీలో పేరొచ్చిన మనిషి ఒకరుండాలని ఆకాశంలో తిరిగే మన చక్రంలో చట్టం. ఆ మనిషి చూసింది చూసినట్టు రాసి వీధి గోడల మీద వెలిగించాలి. గోడ ముందు ఆగి చదువుతున్న తల్లీ, తండ్రీ, రాస్తున్నది పరంజ్యోతమ్మను. ఆదివారం పూట కింది పేటలో వాక్యం చెప్పే పరంజ్యోతమ్మనే. నేను ఏ బడిలోనూ బోధ నేర్చుకోలేదు. పంపులు బాగుచేస్తూ, ఒక చేత స్పానరు, ఒక చేత గ్రంథం పట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. అందుకే నా గ్రంథానికి గ్రీజు వాసన.

పొద్దున్నే గోడ తుడిచి గుడ్డ పిండాను. పక్కింటి దీనమ్మ అప్పటికే రెండో బకెట్ నింపుతోంది. నిద్రలో మనం వదిలిన ఊపిరంతా తెల్లారేసరికి చల్లటి గోడ మీద చెమ్మయి దిగుతుంది. ఆ నీళ్లతోనే దీనమ్మ తోటకూర, చుక్కకూర మళ్లు తడుపుతుంది. మా పేటలో సగం పిల్లల కంచాల్లో పడేది ఆ కూరే.

ఇప్పుడు ఆవిరి కంపెనీవాళ్లు సభలో ఒక బిల్లు పెట్టించారు. గోడ కట్టింది కంపెనీ గనక గోడ మీది చెమ్మ కూడా కంపెనీదేనట. మన ఊపిరిని మనం పిండుకుంటే దొంగతనమట. కావలసినవాళ్లు సీసాల్లో కొనుక్కోవచ్చట. బిల్లు నెగ్గితే దీనమ్మ మళ్లు వారం తిరక్కుండా ఎండుతాయి.

ఇంత అన్యాయానికి ఎవరు ఓటేస్తారు అనుకున్నాను. పైగా మన సభ్యుల నడుముకి నీతి మొలతాడు ఉందాయె. సీలు వేసి కట్టిన తాడు, బొడ్డు దగ్గర ఇనుప రింగు. పరాయి ఖర్చు మీద కూర్చుని తిన్నారో, ఠంగుమని మోగుతుంది. నిలబడి తింటే మోగదు. కూర్చుని తిన్నది విందు, నిలబడి తిన్నది మర్యాద అని నియమావళి మొదటి పేజీలోనే ఉంది. విందు తిన్న సభ్యుడు ఆ పెట్టినవాడి పని మీద ఓటు వేయకూడదు. తాడు తెంపినా విప్పినా పదవి పోతుంది.

రాజుగారి బల్ల మీది భోజనం మాకొద్దు, ఆకుకూరలు చాలు అన్న నలుగురు కుర్రాళ్లు గ్రంథంలో ఉన్నారు. వాళ్ల నడుముకి ఎవరూ ఏ తాడూ కట్టలేదు. అది మీరు గమనించాలి.

రెండో నమోదు

పైరవీకారుల్లో పెద్ద, నీలాద్రిగారిని ఇవాళ చూశాను. పైరవీ చేసేవాళ్లు అందరికీ కనబడేలా పచ్చ కండువా వేసుకోవాలని నియమం. ఈయన దానికి జరీ అంచు కుట్టించుకున్నాడు. ఆవిరి కంపెనీ తరఫున మాట్లాడేది ఈయనే.

మనిషి చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. కాడు. నన్ను చూడగానే ఎదురొచ్చాడు. మా పంపుల సంగతి అడిగాడు, నా మోకాళ్ల నొప్పి సంగతి అడిగాడు, పోయిన ఆదివారం నా ప్రసంగంలో మూడో భాగం తనని ఎంత కదిలించిందో చెప్పాడు. మూడో భాగం దాకా మేలుకుని ఉన్నవాళ్లు మా సంఘంలోనే వేళ్ల మీద లెక్క. గ్రంథంలో ఒక రాజు ప్రవక్తని కూలికి పిలిపించి, ఎదుటి జనాన్ని శపించి పెట్టమంటాడు. ఆ రాజు కూడా మాట తీరులో ఇలాగే ఉండి ఉంటాడు. అక్కడ ప్రవక్త ఎక్కిన గాడిదే నోరు తెరిచి అడ్డుకుంది గనక సరిపోయింది.

సభ వరండాలో ఆయన ఇచ్చే మర్యాద చూసి తీరాలి. సభ్యులంతా నిలబడి గారెలు తింటున్నారు. ఒకాయన గోడకి ఆనాడు. ఒకావిడ కిటికీ గట్టుకి తొడ తాకించీ తాకించనట్టు ఉంచింది. ఇంకో పెద్దాయనకి తుమ్మొచ్చి మోకాళ్లు వంగేసరికి మొలతాడు ఠంగుమంది. నోట్లో గారెతో మనిషి కర్రలా బిగుసుకుపోయాడు. నవ్వు ఆపుకోలేక గ్రంథం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ప్రార్థన చేస్తున్నాననుకుని ఇద్దరు తలలు వంచారు.

రెండు గారెలు తిని మానేస్తే మర్యాదే. కానీ కాసేపటికి పన్నెండుమంది ఒక్కొక్కరే నీలాద్రిగారి వెనక నిచ్చెన వైపు జరిగారు. సభలో మొత్తం ఇరవై ఒక్కరు. పన్నెండంటే బిల్లు నెగ్గేటంత బలగం. అందులో మా పేట సభ్యుడు ఆశీర్వాదం కూడా ఉన్నాడు. దీనమ్మకి సొంత తమ్ముడు. నీళ్ల తొట్టిలో వాడికి బాప్తిస్మం ఇచ్చింది నేనే.

నిచ్చెన మొదట్లో వాణ్ణి ఆపాను.

"ఎక్కడికిరా?"

"పైకి, పెద్దమ్మా. కాస్త గాలి పీల్చుకుందామని."

"చక్రమంతా ఒకటే గాలి కదరా."

"మీరు మరీను. మొలతాడు మోగలేదుగా. ఇంకేంటి?"

ఆ మాటతో వాడు నాలుగు మెట్లు ఎక్కేశాడు. నేను కిందే నిలబడిపోయాను. మోగనిదంతా నీతేనని ఎప్పుడు ఒప్పుకున్నామో నాకు గుర్తు లేదు.

మూడో నమోదు

ఇవాళ నేనూ ఎక్కాను. చక్రం తిరుగుడే మన బరువు గనక, నడిమికి ఎక్కేకొద్దీ ఒళ్లు తేలికవుతుంది. సగం దూరంలో మోకాళ్ల నొప్పి మాయమైంది. ఇంకాస్త పైన భుజం మీది సంచీ తనంతట తనే లేచింది. చక్రం నడిబొడ్డు చేరేసరికి నేను ఒక ఈకని. ఆ గుండ్రటి గదిలో బరువన్నది లేదు. ఇది పైన, అది కింద అని చెప్పడానికీ లేదు. అరవై ఏళ్ల ఆడదాన్ని, గుమ్మంలో రెండు పల్టీలు కొట్టాను. ఎంత సంతోషమేసిందో దేవుడికి తెలుసు. వచ్చిన పని మర్చిపోయి మూడోది కూడా కొట్టాను.

అప్పుడు చూశాను విందు. పన్నెండుమంది గుండ్రంగా తేలుతున్నారు. పులిహోర ఉండలు, బూరెలు వరస కట్టి గాల్లో వెళుతున్నాయి. రసం గోళీలు గోళీలుగా దొర్లుతుంటే సభ్యులు మూతులు ముందుకి చాచి చప్పరిస్తున్నారు. ఒకావిడ జారిపోతున్న ఆవడ వెంటపడి తలకిందులైంది. ఆవకాయ నూనె చుక్క ఒకటి, ఎర్రగా, తాపీగా, ఆశీర్వాదం కంటి వైపు వెళుతోంది.

ఒక్క మొలతాడు కూడా మోగలేదు. కూర్చుంటే కదా మోగడానికి.

పరుగున దిగి నీతి సంఘం అధ్యక్షురాలు హైమవతిగారికి చెప్పాను. ఆవిడ మంచి మనిషే. కళ్లజోడు తీసి, తుడిచి, కూర్చోవడమంటే తుంటి మీద బరువు పడటమని వివరించింది. నడిబొడ్డులో బరువు లేదు గనక అక్కడ ఎవరూ కూర్చోలేదట. పోనీ నిలబడ్డారా అంటే, అదీ లేదట. మరేం చేశారమ్మా అంటే, దానికి నియమావళిలో మాట లేదంది. నియమాలు రాసినవాళ్లంతా బరువున్న చోట పుట్టినవాళ్లు.

ఫిర్యాదు పెడతానన్నాను. పుస్తకం తిప్పి చూపించింది. సభ్యుడి మీద ఫిర్యాదుకి, కళ్లారా చూసిన ఇంకో సభ్యుడి సంతకం కావాలి. చూసినవాళ్లంతా తింటున్నవాళ్లే. నాబోటి సాక్షి మీదైతే మాత్రం నలభైమంది పౌరులు బలపరిస్తే చాలు. ఈ నియమాలు ఎవరు రాసుకున్నారో మీకు చెప్పక్కర్లేదు.

సాయంత్రం దీనమ్మకి సంగతి చెప్పాను. గుడ్డ పిండుతూనే వింది. చివరి చుక్క దాకా పిండి, మెల్లగా అంది: "వాడి ఎముకల్లో ఉన్నదంతా నా తోటకూరే అక్కా. రేపు దానికి సీసా లెక్కన వెల కడతాడంట."

ఒక్క పూట చిక్కుడుకాయల కూటికి పెద్దరికం అమ్ముకున్న అన్న కథ మీకందరికీ తెలుసు. ఆ అన్న తనది తాను అమ్ముకున్నాడు. వీడు అక్కది అమ్ముతున్నాడు. ఈ ముక్క మీద గంటసేపు ప్రసంగించగలను గానీ, గోడ మీద చోటు లేదు.

నాలుగో నమోదు

కడుపు ఉబ్బిపోయి రాస్తున్నాను. నవ్వితే పక్కలు నొప్పి. అయినా నవ్వుతున్నాను. ఇవాళ జరిగింది వరసగా చెబుతాను.

బిల్లు మీద ఓటింగ్ ఇవాళ. దానికి ముందు నడిబొడ్డులో విందు. దానికి నన్ను పిలిచింది స్వయంగా నీలాద్రిగారే. ప్రజాసాక్షి కళ్ల ముందే పెడితే, దాపరికం లేదని రేపు చెప్పుకోవచ్చు. నేను ఏమీ ముట్టకూడదని ఒట్టు పెట్టుకుని, గ్రంథం చంకలో పెట్టుకుని వెళ్లాను.

మీ ఇళ్లలో బంతి భోజనాల పద్ధతి మీకు తెలుసు. పరాయి చక్రం నుంచి వచ్చి ఇది చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. మన తాతల కాలంలో, చక్రం ఇంకా తిరగడం మొదలుపెట్టని రోజుల్లో, తిండి చాలేది కాదు. అందరూ ఒకే తాడుకి కట్టుకుని తేలుతూ తినేవాళ్లు. కొసన పెద్దవాళ్లు. ముడి వాళ్ల చేతిలో. ఆ పెద్దవాళ్ల ఆకు ఖాళీ అయ్యేదాకా ముడి విప్పకూడదు. వెనక ఒకరు తింటుండగా ముందొకరు లేచి వెళ్లిపోతే, ఆ వెనకవాళ్ల చావు కోరినట్టే లెక్క. ఇప్పుడు తిండికి కరువు లేదు. అయినా కొసవాళ్లు తినేదాకా ఎవరి ఇంట్లోనూ ఎవరూ లేవరు. నడిబొడ్డులో అయితే నిజం తాడే కడతారు, లేకపోతే మనుషులు కొట్టుకుపోతారు.

నీలాద్రిగారు మంచి ఇంట్లో పెరిగినవాడు. వాక్యం చెప్పే పెద్దామె వస్తే కొస ఇవ్వకుండా ఉండగలడా? ఆ మర్యాదే ఆయన చేసిన పొరపాటు. ఓడలు కట్టే తాడు తెచ్చి, పన్నెండుమంది నీతి మొలతాళ్ల రింగుల్లోంచి పోనిచ్చి, రెండు కొసలూ నా చేతికిచ్చాడు. ముడి నేనే వేశాను. అప్పటికి నా మనసులో ఏ కపటమూ లేదు, ఇది నమ్మండి.

అందరూ గబగబా తిన్నారు. సభ మొదటి గంట కింద నుంచి వినిపించింది. రెండో గంటకి తలుపులు మూస్తారు. పన్నెండు మొహాలు నా వైపు తిరిగాయి. నా జిగురు పళ్లెం మీద అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నాకేం వద్దు బాబూ అని నోటి దాకా వచ్చింది. ఆ మాటంటే పళ్లెం తీసేస్తారు, నేను ముడి విప్పాలి, వీళ్లు దిగి వెళ్లి దీనమ్మ ఊపిరి అమ్మేస్తారు.

నోరు తెరిచాను. మాటకి బదులు పులిహోర ఉండ లోపలికి వెళ్లింది.

పెద్దమ్మ ఒట్టు గట్టున పెట్టింది. పోనీ. మెల్లగా తిన్నాను. మెంతిపొడి వేశారా అని అడిగి తిన్నాను. వేరుశనగ పలుకుల్ని ఒక్కొక్కటీ పలకరించి తిన్నాను. అది అయిపోవస్తుండగా నీలాద్రిగారి వైపు చూసి, మారు వడ్డిస్తారా నాయనా అన్నాను. కొసన ఉన్నవాళ్లు మారు అడిగితే లేదనే గృహస్థు మన చక్రంలో పుట్టలేదు. పాపం, ఆయనే తన చేత్తో గారెలు నా వైపు తోశాడు. ఒక్కో గారె గాల్లో తేలి వస్తుంటే ఆయన మొహం ఒక్కో రంగు తగ్గింది. అయినా మూడోసారి వడ్డిస్తూ, అలవాటు కొద్దీ, ఇంకొక్కటి వేసుకోండమ్మా అనేశాడు. వేసుకున్నాను.

"పెద్దమ్మా, గంట మోగుతోంది," అన్నాడు ఆశీర్వాదం.

"మోగనీరా. మొలతాడు మోగలేదుగా."

పక్కనున్న ఒక సభ్యుడు గుమ్మం వైపు ఈదబోయాడు. ఆయన లాగితే పక్కావిడ లాగబడింది, ఆవిడ లాగితే ఆ పక్కాయన. మొత్తం పన్నెండుమందీ పూలదండలా గది చుట్టూ గిర్రున తిరిగారు. కొసన నేను, చేతిలో బూరెతో. రసం గోళీలు మా మీద పడి పేలాయి. తాడు కోద్దామంటే నడిబొడ్డులోకి కత్తి రానివ్వరు. మొలతాడు విప్పుదామంటే పదవి పోతుంది. వాళ్ల నీతిని కాపాడటానికి కట్టిన తాడు, ఇన్నేళ్లకి మొదటిసారి, వాళ్ల నీతిని కాపాడింది. నవ్వొచ్చి బూరె గొంతుకి అడ్డం పడింది. ఒకావిడ నా వీపు తట్టి, త్వరగా మింగండమ్మా అని బతిమాలింది.

బూరెలో ఒక్క ముక్క మిగిల్చి, కృతజ్ఞతా ప్రార్థన ఎత్తుకున్నాను. ప్రార్థన మధ్యలో ఎవరూ నోరెత్తరు కదా. వెలుగు కలగడం దగ్గర మొదలుపెట్టాను. మొక్కలకీ, చేపలకీ, పాకే జంతువులకీ పేరు పేరునా స్తోత్రాలు చెల్లించాను. జలప్రళయం దాకా వచ్చేసరికి కింద తలుపులు మూసిన చప్పుడు వినిపించింది. ఆమెన్ అన్నాను. చివరి ముక్క మింగాను. ముడి విప్పాను.

సభలో తొమ్మండుగురే ఉన్నారు. పదకొండుమంది లేనిదే ఓటింగ్ జరగదు. బిల్లు రేపు సాయంత్రానికి వాయిదా పడింది. కింది పేటలో జనం నన్ను భుజాల మీద ఎత్తుకోబోయారు. నా బరువుకి, పైగా ఆ పూట బరువుకి, కుదరలేదు.

అయిదో నమోదు

తెల్లారి గోడ తుడుస్తుంటే సంతోషం కాస్త దిగింది, బుర్ర కాస్త తిరిగింది. ఇవాళ సాయంత్రం మళ్లీ ఓటింగ్. ఇవాళ వాళ్లు ముందు ఓటేసి తర్వాత తింటారు. రేపు ఇంకో బిల్లు, ఇంకో విందు. నేను వాళ్లని కట్టేశానే గానీ ఆపలేదు. ప్రతి ఓటింగ్‌కీ బూరెలు తినే పొట్ట నాకు లేదు.

అప్పుడు ఆ పొట్టే నన్ను అడిగింది. ఏమమ్మా, నిన్న నువ్వు తిన్నదేంటి? విందా, కాదా?

గుడ్డ అక్కడే పారేసి నీతి సంఘానికి పరుగెత్తాను. హైమవతిగారి ముందు నిలబడి, నా మీద నేనే ఫిర్యాదు పెట్టాను. ప్రజాసాక్షి పరంజ్యోతమ్మ ఆవిరి కంపెనీ ఖర్చు మీద నడిబొడ్డులో విందు తిన్నది, శిక్షించండి అని. ఆవిడ కళ్లజోడు తీసింది. ఈసారి తుడవలేదు.

"మీరు తిన్నది విందని మేం తేలిస్తే, ఆ తాడు మీద ఉన్న అందరిదీ విందే అవుతుంది."

"అవుతుందమ్మా."

"అప్పుడు ఆ పన్నెండుమంది ఇవాళ ఓటు వేయడానికి లేదు."

"లేదమ్మా."

ఆవిడ నియమావళి తెరిచి పేజీలు తిప్పింది. తర్వాత శిక్ష చదివి వినిపించింది. విందు తిన్న ప్రజాసాక్షికి పదవి పోతుంది. ఏడాది పాటు ఏ గుంపు ముందూ నోరు విప్పకూడదు. సభ ముందు కాదు, సంతలో కాదు, ఆదివారం మా సంఘంలో కూడా కాదు. నోరు తప్ప నాకున్న ఆస్తేంటి? అయినా వేలిముద్ర వేశాను.

గుమ్మం దాటేలోగా నీలాద్రిగారు ఎదురయ్యాడు. పచ్చ కండువా ఒక భుజం మీదే ఉంది. వెంట ఒక లాయరు. నన్ను కాపాడటానికి తన ఖర్చుతో తెచ్చిన లాయరు! నా తరఫున పైరవీ చేయడానికి వచ్చాడు మహానుభావుడు.

"అమ్మగారూ, మీరు నిర్దోషులు. అక్కడ మీరు కూర్చోలేదు. అది విందు కాదు."

"పదకొండు గారెలు తిన్నాను నాయనా."

"మీరు ఎన్ని తిన్నా, నేను పెట్టింది విందు కాదమ్మా. దయచేసి ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. మీ ప్రసంగాలు లేకపోతే ఈ చక్రం ఏమైపోతుంది?"

ఈ మాటన్నది నీలాద్రిగారు. చెబుతున్నాను కదా, మనిషి చెడ్డవాడు కాడు. మూడో భాగం మీద నిజంగానే ఇష్టమేమో కూడా. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఊఁ అంటే చాలు, నా నోరు నాకు మిగులుతుంది. ఊఁ అనలేదు.

ఇంటికొస్తే దీనమ్మ గోడ దగ్గర ఇద్దరున్నారు. రెండోవాడు ఆశీర్వాదం. చొక్కా చేతులు మడిచి గుడ్డ పిండుతున్నాడు, చేతకాని పిండుడు, సగం నీళ్లు కాళ్ల మీదే పోసుకుంటున్నాడు. నన్ను చూసి తల వంచుకుని ఇంకో గుడ్డ అందుకున్నాడు. సాయంత్రం వాడు ఏం చేస్తాడో నాకు తెలియదు, వాడిక్కూడా తెలిసినట్టు లేదు. వాడి తెగువ మీద ఆనుకుని ఈ పని వదిలేయలేను.

నా మీద ఫిర్యాదు నిలిచి, అది విందేనని తేలాలంటే నలభైమంది పౌరులు నీతి సంఘం గుమ్మంలోకి వచ్చి బలపరచాలి. ఇప్పటికి వచ్చింది దీనమ్మ ఒక్కతే. వేలిముద్ర వేస్తూ ఏడ్చింది, వేశాక నవ్వింది. మిగిలినవాళ్లంతా, అయ్యో పరంజ్యోతమ్మని శిక్షించమని మేమెలా అంటాం అని వెనకాడుతున్నారు. మీ ప్రేమ తగలెయ్య! నన్ను ప్రేమించి మీ పిల్లల కంచం ఖాళీ చేసుకుంటారా?

గోడ ముందు నిలబడ్డ అన్నా, చెల్లీ, విను. నా ప్రసంగాలు పొడుగని వెనక బెంచీల్లో గొణిగినవాళ్లు మీలో ఉన్నారు, నాకు వినబడుతూనే ఉంది. ప్రార్థన మధ్యలో గురక పెట్టినవాళ్లు ఉన్నారు. స్తోత్రం అంటూ గడియారం చూసినవాళ్లు ఉన్నారు. ఏడాది పాటు ఆదివారాలు మధ్యాహ్నానికల్లా ఇంటికి పోయే అవకాశం జీవితంలో మళ్లీ రాదు. రండి. ప్రేమ ఉన్నవాళ్లు ప్రేమతో రండి, విసుగున్నవాళ్లు విసుగుతో రండి. బకెట్ అక్కడే దించి, పొయ్యి మీది గిన్నె పక్కింటివాళ్లకి అప్పగించి, సాయంత్రం సభ గంట కొట్టకముందే వచ్చి వేలిముద్ర వేయండి. పరంజ్యోతమ్మ తిన్నది, అది విందే, ఆమె నోరు మూయించండి అని గట్టిగా చెప్పండి. రేపు వచ్చి లాభం లేదు. ఇవాళే. చదవడం ఆపి, కదలండి.